ఐదు మార్కుల లేఖ

గౌలిపురాలోని మా ఇంటి అరుగుమీద సాయంకాలం నలుగురు పిల్లలు చేరుతుంటారు. అందరూ డిగ్రీ చదువుతున్నవారే. మొన్న వారిలో ఒకడు, పత్తర్‌గట్టీ వైపు కొన్న ఇయర్‌ఫోను రెండవనాటికే మూగబోయిందని వాపోయాడు. దుకాణదారు రసీదు ఇవ్వలేదు సరికదా, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న పలకను చూపించాడట.

"వినియోగదారుల చట్టం ఉంది కదరా?" అన్నాను.

"పరీక్షకు చదివినం సార్. 1986, డిసెంబర్ 24. అయినా అది మనలాంటోళ్లకా? వకీలుకే వేలు పోతయి."

తేదీ కంఠస్థం, చట్టం మాత్రం పరాయిది! ఆ పాత చట్టం స్థానంలో 2019 నాటి చట్టం 2020 జులై 20న అమలులోకి వచ్చిందని చెప్పాను. రసీదు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును వాపసు తీసుకొని, రసీదులో వేరే గడువు లేనప్పుడు 30 రోజుల్లోగా సొమ్ము తిరిగి ఇవ్వకపోవడమూ అంతే. ముందు 1915కు ఫోను చేయవచ్చు. అక్కడ తేలకుంటే రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకుంటే రుసుమూ లేదు. రసీదు లేకున్నా వాడి ఫోనులో చెల్లింపు జాడ ఉంది.

పక్కనే ఉన్న అమ్మాయి ఆశ్చర్యపోయింది. వాళ్లమ్మ లక్కగాజులకు రాళ్లు అతుకుతుంది. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి ఆ ఇంటికి చేరలేదు. చిన్న వ్యాపారులకు ఉద్దేశించిన 'ఉద్యమ్' నమోదు ఉచితమని తెలియక, దళారికి ఐదువందలు సమర్పించుకున్నారు.

వారిని ఏమనను? ముప్పైయేళ్లు లేఖారచన బోధించాను. చెడిన వస్తువును మార్చి ఇమ్మని దుకాణదారుకు లేఖ, ఐదు మార్కులు. తేదీ లేకుంటే అర మార్కు కోశాను. ఒక్క లేఖనైనా తపాలాపెట్టెలో వేయించానా? మా ఇంట్లో కొన్న నెలకే చెడిన మిక్సీని, ఎందుకొచ్చిన గొడవ అని నేనే అటకెక్కించాను.

ఆ రాత్రి వాడు లేఖ రాశాడు. "నాచే కొనబడిన వస్తువు" అన్నచోట ఎర్రసిరాతో గీత గీశాను. 'బడు' చేరితే కర్త చాటుకు పోతాడు. ఆ పలకమీది 'తీసుకోబడదు'లోనూ అంతే. తీసుకోనన్నది ఎవరో కనబడరు. "నేను కొన్నాను, మీరు అమ్మారు" అని దిద్దించాను.

మార్కులు వేయలేదు. స్పీడ్‌పోస్టుకు డబ్బులిచ్చాను. జవాబు రావలసి ఉంది.

మా అటకమీది మిక్సీకి మాత్రం గడువు ఎప్పుడో దాటిపోయింది.