వాగు దగ్గర బకెట్టు

సుంగై అంటే మలయ్ భాషలో నది, సిపుట్ అంటే నత్త. మేమీ ఊరొచ్చి నాలుగేళ్లయింది. పేరుకి నత్తే గానీ, సెలవులొస్తే పెద్ద చక్రాల ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు లాసహ్ వైపు పరుగులు తీస్తాయి. అక్కణ్ణుంచి కొండల్లోకి కలప లారీలు తిరిగే మట్టి దారులున్నాయి. ఆ లోపలే టెమియార్ ఆదివాసుల పల్లెలు.

పోయిన సెలవుల్లో స్నేహితులతో మేమూ వెళ్లాం. ముందురోజు రాత్రంతా వాన. బండి దిగబడితే అందరం కలిసి లాగాం. దారి మరీ బురదగా ఉన్నచోట పక్కన మొక్కల మీదుగా కొత్త దారి చేసుకున్నాం. వాగును రెండుసార్లు దాటించి, వీడియో బాగా రాలేదని మూడోసారి కూడా దాటించాం. తీసింది నేనే.

కాస్త దిగువన ఒకావిడ బకెట్టుతో నిలబడి ఉంది. తిట్టలేదు. "నీళ్లు తేరుకున్నాక పట్టుకుంటాలే" అని మలయ్‌లో అని, ఒడ్డున కూర్చుంది.

ఆ మాట నాతో ఇంటిదాకా వచ్చింది. బీఎస్సీలో బోటనీ చదివినదాన్ని. మట్టి గుల్లగా ఉంటేనే నీరింకుతుందని, వేళ్లకు గాలి అందుతుందని రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే! మర్నాడు రెండు పెరుగు డబ్బాలకు అడుగున చిల్లులు పెట్టి, ఒకదాన్లో మట్టి వదులుగా పోశాను. రెండోదాన్లో పచ్చడిబండతో గట్టిగా అణిచాను. రెంటిలోనూ గ్లాసుడేసి నీళ్లు పోశాడు మా బాబు. మొదటిది గుటుక్కున తాగేసింది. రెండోదాన్లో నీళ్లు పైనే నిలిచి, మట్టి రంగుతో అంచు దాటి పొర్లాయి.

"మన బండి చేసింది ఇదేనా అమ్మా?" అన్నాడు.

ఇదే. చక్రాల గాడి వానకు కాలవవుతుంది, పైమట్టిని మోసుకెళ్లి వాగులో పోస్తుంది. ఆ ఒండ్రు కింద చేపగుడ్లకు ఊపిరాడదు. అలా అణిగిన నేల మళ్లీ గుల్లబారడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

"లారీలు రోజూ తిరుగుతుంటే మన ఒక్క బండి వల్లేనా?" అన్నారు మావారు. నిజమే. పైగా ఆ దారే లేకపోతే పల్లెలో జ్వరమొచ్చిన పిల్లను ఆస్పత్రికి తెచ్చేదెలా? అందుకే దారి మూసేయమని నేననను. కానీ వాళ్లకది అవసరం, మనకు ఆట. ఇక్కడ రిజర్వ్ అడవిలోకి వెళ్లాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలి. పర్మిట్ చేతిలో ఉన్నంత మాత్రాన వాగు మనదైపోదు కదా.

వాన పడితే ప్రయాణం మానుకుందామని, వాగు దగ్గర బండి ఆపి నడుద్దామని మా గ్రూపులో రాశాను. ఇద్దరు నవ్వు బొమ్మలు పంపారు. మావారు మాత్రం "సరే, నడుద్దాం" అన్నారు.

ఆ వీడియో ఇంకా ఫోన్‌లోనే ఉంది. ఎవరికీ పంపలేదు. చూసినప్పుడల్లా మా బండి కన్నా ముందు, వెనకాల ఆవిడ బకెట్టే కనిపిస్తోంది.