మర్మము – మార్మికత

మన సాహిత్యమున నేడు "మార్మికము" అను మాట మిక్కిలి వ్యాప్తిలో నున్నది. కవిత అర్థము కాకున్న మార్మికమందురు. సన్న్యాసి మాటాడకున్న మార్మికుడందురు. పాడుబడిన గుడిలో చీకటి పడిన అదియు మార్మికమే. ఇన్ని పనులకు వచ్చు ఈ మాట అసలు ఏమి చెప్పుచున్నదో ఒకమారు విచారింపవలసియున్నది.

మర్మ శబ్దమును పూర్వులు చచ్చుట యను అర్థముగల "మృ" ధాతువునుండి నిష్పన్నము చేసిరి. ఎచ్చట దెబ్బ తగిలిన ప్రాణము పోవునో అది మర్మము. సుశ్రుతసంహిత శారీరస్థానమున దేహమందలి మర్మములు 107గా లెక్కింపబడి, ఐదు తెగలుగా విభజింపబడినవి. అందు తగిలినంతనే ప్రాణము తీయునవి 19. కాలాంతరమున తీయునవి 33. ఇందు దాపరికమేమియు లేదు. కత్తి పట్టు వైద్యుడు ముందుగా నేర్వవలసిన పాఠమిది. ఆ చోట్ల నెఱిగినవాడు మర్మజ్ఞుడు. కావ్యము లోతెఱిగిన రసజ్ఞునికిని మార్మికుడను పేరు సంస్కృతమున చెల్లినది.

తెలుగు పలుకుబడిలో ఈ మాట వేఱొక దారి పట్టినది. మర్మమనగా గుట్టు, మర్మములేని మనిషి యనగా కల్లకపటము లేనివాడు. తత్త్వములు పాడువారు మాత్రము గురువు విప్పిచెప్పవలసిన సత్యమును మర్మమనిరి. వారికిని అది తెలిసికొనదగినదే. 1913లో రవీంద్రునికి నోబెల్ బహుమానము వచ్చిన పిమ్మట, భావకవిత్వపు దినములలో, ఇంగ్లీషువారి "మిస్టిక్" అను మాటకు దీటైన పదము మనకు కావలసివచ్చెను. హిందీవారు రహస్యవాదమనిరి, మనవారు మార్మికత యనిరి. ఆ ఇంగ్లీషు మాటకు మూలమైన గ్రీకు ధాతువునకు కన్నులో పెదవులో మూసికొనుట యని అర్థము చెప్పుదురు. ఇట్లు నోరు మూసికొను మాటకును, నొప్పియున్న చోటు చూపు మాటకును పొత్తు కుదిరినది. ఈ పొత్తులో మన మాట తన గుణమును కోల్పోవుచున్నదని నా భయము.

ఆ భయమునకు కారణము కలదు. నేను పటాన్‌చెరు ప్రాంతమున బడిపంతులను. ఒక బాలిక తమ ఊరి చెరువును గూర్చి వ్యాసము వ్రాసి, సంధ్యవేళ ఎఱ్ఱబడు ఆ నీటిలో ఏదో మార్మిక సౌందర్యమున్నదని ముగించెను. వాక్యము అందముగానే యున్నది. కాని ఆ ఎఱుపు సంధ్య పోయిన తరువాతను నీటిని విడువదు. ఆమె తండ్రి మందుల కర్మాగారమున పనివాడు.

2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించిన సంగతి మా ప్రాంతమువారు మఱువరానిది. ఇచ్చట సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీటిలో, లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్ వారికి కనబడినది. ఆ మందు మ్రింగు రోగి నెత్తుటిలో నుండు మోతాదుకంటె అది ఎక్కువ. అట్టి నీటిలో మందునకు లొంగని సూక్ష్మజీవులు పెంపొందును. దెబ్బ నేడు తగిలి, నొప్పి ఎన్నడో తెలియును. సుశ్రుతుని భాషలో ఇది కాలాంతర ప్రాణహరము.

ఆ వాక్యమును కొట్టివేయుమని నేను బాలికతో ననలేదు. మర్మ శబ్దమునకు అర్థము చెప్పి, దాని క్రింద ఇంకొక వాక్యము వ్రాయుమంటిని. ఆమె ఇంట తండ్రి నడిగి, చెరువులోనికి వచ్చు కాలువ ఏ దిక్కునుండి వచ్చుచున్నదో, అందు చేపలు పట్టుట ఎన్నడు మానిరో వ్రాసికొని వచ్చెను. మొదటి వాక్యము అట్లే యున్నది. దానికిప్పుడు బరువు కలిగినది.

తెలియరానిది లోకమున లేదని నేననను. చావు కలదు, ప్రేమ కలదు, పసిబిడ్డ తొలినవ్వు కలదు. వానియెదుట కవి నోట మాట తడబడినచో, ఆ తడబాటునకు మార్మికత యను పేరు తగును. అడిగిన తెలియుదానిని అడుగకుండుటకు ఆ పేరు తగదు. ఇకమీదట ఈ మాట కంటబడినచోట చదువరులు ఒక్క ప్రశ్న వేసికొందురు గాక: ఇచ్చట వ్రేలు పెట్టిన నొప్పి ఎవరికి?