తాడు కాస్త వదులుగా

మా నాన్న నలభై ఏళ్లు పడవ మీదే బతికాడు. నేను పడవ కట్టడం నేర్చుకున్నది మాత్రం మొన్న డిసెంబర్‌లో, మలేసియాలో. అది కూడా తప్పుగా కట్టి!

మాది కాకినాడ పక్కన ఉప్పాడ. నా బీటెక్ మూడో ఏడాది ఫీజు కోసం నాన్న పడవలో తన వాటా అమ్మేశాడు. ఇప్పుడు ఒడ్డున కూర్చుని వేరేవాళ్ల వలలు బాగుచేస్తుంటాడు. నేనేమో కౌలాలంపూర్‌లో కోడ్ రాసుకుంటున్నా. మా ఆఫీసులో ఒక సీనియర్‌కి లంకావి దీవిలో చిన్న తెరచాప పడవ ఉంది. ‘నాలుగు రోజులు సెలవు పెట్టు, తిప్పుతా’ అన్నారు. సరే అన్నాను.

మరీనా అనగానే మనకి చెన్నై బీచ్ గుర్తొస్తుంది కదా? నాకూ అంతే. నిజానికి మరీనా అంటే పడవల పార్కింగ్. మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో లాగే ఒక్కో పడవకీ ఒక్కో గడి. అద్దె కడితే నీళ్లు, కరెంటు ఇస్తారు. లంకావిలో ఇలాంటివి కొన్ని ఉన్నాయి. కువా ఊళ్లో రాయల్ లంకావి యాట్ క్లబ్, పడమటి వైపు తెలగా హార్బర్, ఎదురుగా చిన్న దీవిలో రెబాక్ మరీనా. ఏళ్ల తరబడి పడవలోనే కాపురం ఉంటున్న విదేశీ జంటలు కూడా కనిపించారు. పడవ తాళ్ల మీదే బట్టలు ఆరేసుకుంటున్నారు.

ఇక్కడే ఎందుకు ఆగుతారని అడిగితే, ‘తుపాన్లు రావు’ అన్నారు మా సీనియర్. భూమధ్యరేఖకి ఇంత దగ్గరగా భూభ్రమణం వల్ల గాలికి వచ్చే మెలిక బలహీనంగా ఉంటుంది. అందుకే అక్కడ తుపాను సుడి కట్టడం చాలా అరుదు. నాకు నోట మాట రాలేదు. నేను పుట్టడానికి ముందు ఏడాది, 1996 నవంబర్‌లో వచ్చిన తుపాను గురించి వింటూ పెరిగినవాణ్ణి నేను. మా తీరంలో ఆ పేరెత్తితే ఇప్పటికీ పెద్దవాళ్లు మాట మారుస్తారు.

అలాగని లంకావికి ఏమీ కాలేదని కాదు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు రెబాక్, తెలగా మరీనాలు బాగా దెబ్బతిన్నాయి. కట్టి ఉన్న పడవలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. అదే రోజు ఉదయం మా నాన్న వేటలో ఉన్నాడు. లోతు నీళ్లలో సునామీ అల పెద్దగా తెలియదు, ఒడ్డుకి వచ్చేకొద్దీ లేస్తుంది. మేమంతా ఏడుస్తూ పరిగెత్తుతుంటే, ఆయన మాత్రం ఏమీ తెలీకుండా చేపలతో తిరిగొచ్చాడు.

ఇక నా ఘనకార్యం. రెండో రోజు భోజనానికి ఒక చిన్న జెట్టీ దగ్గర ఆగాం. ‘ఫిషర్‌మన్ కొడుకువి కదా, నువ్వే కట్టు’ అని తాళ్లు నా చేతికిచ్చారు. పడవ కదలకూడదని ముందు, వెనక గట్టిగా లాగి బిగించేశా. ఫోటో కూడా తీసుకున్నా.

నాలుగైదు గంటల తర్వాత వచ్చి చూస్తే పడవ తాళ్లకి వేలాడుతోంది! ఒక పక్కకి ఒరిగిపోయి, తాడు చుట్టే కొక్కెం డెక్‌లోంచి సగం పైకి లేచిపోయింది. బరువంతా ముడి మీదే పడటంతో ఎంత లాగినా ఊడలేదు. మా సీనియర్ కత్తితో తాడు కోసేశారు. పడవ ధబ్బుమని నీళ్లలో పడింది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు అర్థమైంది. మరీనాలో ప్లాట్‌ఫామ్ నీళ్ల మీద తేలుతుంది. అడుగున పాతిన స్తంభాల వెంట పోటుకి లేస్తుంది, పాటుకి దిగుతుంది. దానితో పాటే పడవ కూడా. ఈ జెట్టీ అలాంటిది కాదు, కదలని కాంక్రీటు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో లంకావిలో పోటుకీ పాటుకీ తేడా దాదాపు 3 మీటర్లు. మా కాకినాడ వైపు అందులో సగమే.

రాత్రి నాన్నకి ఫోన్ చేశా.

“పోటు మీద కట్టేవా, పాటు మీద కట్టేవా?”

“పోటు మీద.”

“బిగించేసేవా?”

“ఊఁ.”

పగలబడి నవ్వాడు. “మరి ఏలాడదేంట్రా? ఒడ్డు కదల్దు, నీళ్లు కదుల్తాయి. మజ్జిలో సర్దుకోవాల్సింది తాడే కదా. ముందుకో తాడు, ఎనక్కో తాడు దూరంగా తీసి పొడుగ్గా వదలాలి.”

నాన్న అలా నవ్వడం విని ఆరు నెలలైంది. ఎందుకంటే ఆరు నెలలుగా మా మధ్య ఒకటే గొడవ. ఉప్పాడని సముద్రం ఏటా కోసుకుపోతోంది. నా చిన్నప్పుడు మా ఇంటికీ అలలకీ మధ్య నాలుగు వీధులు ఉండేవి. ఇప్పుడు ఒక్కటే ఉంది. వాయుగుండం అని వార్త వస్తే నాకిక్కడ నిద్ర పట్టదు. ‘హైదరాబాద్‌లో ఫ్లాట్ తీసుకుంటా, నువ్వూ అమ్మా వచ్చెయ్యండి’ అంటాను నేను. ‘అక్కడ నేనేం చెయ్యాల్రా?’ అంటాడు ఆయన. మొండితనం అనుకునేవాణ్ణి.

ఆ రాత్రి పడవని మూరింగ్‌కి కట్టాం. అడుగున పెద్ద కాంక్రీటు దిమ్మ, దానికి గొలుసు, పైన తేలే బుంగ. లంకావి దక్షిణాన పులావ్ పయార్ మెరైన్ పార్కులో కూడా ఇలాంటివి వేశారు, లంగర్లు పడి పగడపు దిబ్బలు విరక్కుండా. గాలి ఎటు తిరిగితే పడవ అటు తిరుగుతోంది. నాకు భయమేసి మాటిమాటికీ లేచి చూశా. తెల్లారింది. పడవ ఆ బుంగ చుట్టూనే ఉంది.

నాన్నని నేను ఆ జెట్టీకి కట్టినట్టే కడదామనుకున్నా. నా భయం తగ్గడం కోసం ఆయన్ని కదలకుండా బిగించెయ్యడం. అలాగని అలల పక్కనే వదిలెయ్యలేను కూడా.

తిరిగొచ్చాక మళ్లీ ఫోన్ చేశా. “హైదరాబాద్ వద్దులే నాన్నా. కాకినాడలో, సముద్రానికి దూరంగా ఇల్లు అద్దెకి చూస్తా. పొద్దున్నే బస్సెక్కి ఉప్పాడ వెళ్లు, వలలు చూసుకో. తుపాను కబురొస్తే మాత్రం ఇంట్లోనే ఉండాలి.”

చాలాసేపు మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నా.

“మీ అమ్మనడుగు” అన్నాడు చివరికి. మా ఇంట్లో దాని అర్థం ‘సరే’ అని. ఆ తర్వాత మెల్లగా, “ఆ కొక్కెం బాగుచేయించేవా? ఆ డబ్బులు నువ్వే ఇవ్వాలి, తెలిసిందా?” అన్నాడు.

ఇచ్చేశా నాన్నా.