మోటారు బీమా ఎవరి కొఱకు?

ఆదివారమునాడు అబిడ్సులో పెద్ద అంగళ్లు చాలవఱకు మూసియుండును. మూసిన అంగళ్ల ముందటి కాలిబాటలపై పాత పుస్తకములు పఱచి అమ్ముదురు. ఆఱవ నిజాము కొలువులోనుండిన ఆల్బర్టు ఆబిదు దుకాణమువలన ఈ పేటకు ఆ పేరు వచ్చినదని నగరవాసు లెఱుగుదురు. ఆ దుకాణము నేడు లేదు, పేరు మాత్రము నిలిచినది. మేము ముప్పది యేండ్లుగా ఆ కాలిబాటలను వదలని వారము. 2016 లో ఒక ఆదివారము ఉదయమున పుస్తకములు కొనుటకే పోయి, వానిని కారులో పెట్టుకొని, కారును వెనుకకు మరలించుచు ఒక హమాలీని పడగొట్టితిమి. అతడు నెత్తిపై మూటతో మా వెనుకగా పోవుచుండెను. కారు అతనిని పడద్రోసి, వెనుకనున్న స్తంభమునకు తగిలి నిలిచెను. అద్దములో అతడు మాకు కనబడలేదని ఆనాడు చాలమందితో చెప్పితిమి. నిజమేమనగా మేము అద్దములోనికే చూడలేదు; ప్రక్క సీటుపైనున్న పాత నిఘంటువు అట్టవైపు చూచుచుంటిమి.

అతని మోకాలి క్రింది యెముక రెండు చోట్ల విఱిగెను. ప్రభుత్వ వైద్యశాలకు మేమే తీసికొనిపోతిమి. అంతవఱకు మా ప్రవర్తన మనుష్యులకు తగినట్లే యుండినది. ఆ సాయంకాలము నాంపల్లిలోని మా యింట హితోపదేశము లారంభమైనవి.

ప్రక్కయింటి పెద్దమనిషి, "ఠాణా గడప తొక్కితిరా, కారు పోయినట్లే, మీరును లోపలికి పోయినట్లే" అనెను. పాలసీ అమ్మిన యేజెంటు, "సార్, క్లెయిము పెట్టకండి, మీ బోనసు పోతుంది" అని ఫోనులో చెప్పెను. మా బావమఱది యందఱికంటె తెలివైనవాడని పేరు; అతడు, "బావా, ఇన్సూరెన్సు బండికి ఉంటది గాని మనిషికి ఉంటదా? ఏదో కొంత చేతిల పెట్టి రాజీ చేసుకో" అనెను. చదువుకొన్న వారమైన మేము ఆ మువ్వురిలో నెవ్వరి మాటను కూడ శంకింపలేదు. శంకింపకుండుటయే మాకు లాభకరముగా నుండినది గదా!

ఆఱవనాడు ఇరువది వేల రూపాయలును, ఒక స్టాంపు కాగితమును తీసికొని అతని గదికి పోతిమి. పాలమూరు నుండి వచ్చిన కుటుంబము; ముప్పది యెనిమిదేండ్ల వాడు; ఇద్దఱు పిల్లలు. ప్రమాదము అతని పొరపాటువలననే జరిగినదనియు, ఇక నేమియు కోరననియు ఆ కాగితములో వ్రాయించి యుంటిమి. అతని భార్య తలుపుచాటునుండి ఒక ప్రశ్న యడిగెను: "సారూ, మీ కారుకు ఇన్సూరెన్సు లేదా?" మేము వెంటనే, "అది కారుకేనమ్మా, మనిషికి కాదు" అంటిమి. ఆమె మఱి మాటాడలేదు. అతడు వేలిముద్ర వేసెను.

ఆ రాత్రియే పాలసీని తెఱచి చదివితిమి. అతని కొఱకు కాదు. పగిలిన మా కారు వెనుక దీపమునకు డబ్బు వచ్చునేమో చూచుకొనుటకు చదివితిమి. కారు కొన్న రెండేండ్లలో ఆ కాగితమును చదువుట అదే మొదటిసారి. దీపము సంగతి వెదకుచు పోగా, అంతకు ముందే హమాలీ సంగతి కనబడెను.

పాలసీలో రెండు భాగములు కలవు. ఒకటి స్వవాహన నష్టము, అనగా మన కారునకు కలుగు చెఱుపు. రెండవది బాధ్యత, అనగా మన కారువలన ఇతరులకు కలుగు హాని. బీమా చేసికొన్నవాడు మొదటి పక్షము, కంపెనీ రెండవ పక్షము, వీథిలో పోవువారందఱును మూడవ పక్షము. ప్రభుత్వము ప్రతి కారునకు బీమా తప్పదని శాసించినది ఈ మూడవ పక్షము కొఱకే. స్వవాహన నష్టపు భాగము ఇష్టమున్నవారు కొనుక్కొందురు, లేనివారు మానుదురు. దానిని గూర్చి చట్టమునకు పట్టింపు లేదు. ఇంగ్లండులో 1930 నాటి రోడ్డు ట్రాఫిక్కు చట్టము ఈ నిర్బంధమును తెచ్చినది. ఆంగ్లపాలనలోని భారతదేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టములో ఈ అధ్యాయము చేరి, 1946 జూలై 1 నుండి అమలైనది. నేటి 1988 నాటి చట్టములో 146వ సెక్షను అదే నియమమును చెప్పుచున్నది. కారుగల వాడు పేదవాడై యుండవచ్చును, దివాలా తీయవచ్చును, మొండికెత్తవచ్చును. గాయపడినవాడు వాని దయపై నాధారపడరాదని ఈ యేర్పాటు. అట్లుండగా మేము, "అది కారుకేనమ్మా" అని ఆమెతో చెప్పివచ్చితిమి!

మఱునాడు పోయి ఆ కాగితమును అతని యెదుట చించితిమి. అతడు సంతోషించునని మా యూహ. అతడు భయపడెను. "పైసలు ఖర్సయినయి సారూ, ఇప్పుడు యాడికెళ్లి తేవాలె?" అనెను. డబ్బు మరల అడుగుటకు రాలేదని నచ్చజెప్పుటకు చాలసేపు పట్టినది. పిమ్మట ఠాణాకు పోయి మా నేరమును మేమే చెప్పుకొంటిమి. కారును పరీక్షించి కొలదిదినములలో నిచ్చివేసిరి. నాంపల్లి నేరన్యాయస్థానములో తప్పు నొప్పుకొని జరిమానా కట్టితిమి. దానిని కూడ కంపెనీయే కట్టునని భ్రమపడువారు కలరు. నేరమునకు వేయు జరిమానాను ఏ పాలసీయు మోయదు. అది మా జేబులోనిదే. ఇక బోనసు మాట. ఆ తగ్గింపు స్వవాహన నష్టపు ప్రీమియములో నిచ్చునది. మూడవ పక్షపు ప్రీమియములో కాదు. విఱిగిన కాలి ప్రక్కన దానిని త్రాసులో పెట్టి తూచితిమని తలచుకొన్నచో ఇప్పటికిని సిగ్గగుచున్నది.

పరిహారము కొఱకు అతడు మోటారు ప్రమాదముల న్యాయాధికరణములో దరఖాస్తు పెట్టెను. కంపెనీ వకీలు రెండు ఆక్షేపణలు చేసెను. పాలసీ మా పేర లేదనుట మొదటిది. అది నిజమే. బదిలీపై పోవుచున్న మిత్రునివద్ద ఆ కారును కొని, రిజిస్ట్రేషను మార్పించుకొని, బీమా కాగితమును మఱచితిమి. కాని కారు చేతులు మాఱిననాడే పాలసీయు మాఱినట్లు భావింపవలెనని 157వ సెక్షను చెప్పుచున్నది. పోలీసులకు ఆలస్యముగా తెలిపిరనుట రెండవది. ఆలస్యమైన మాత్రమున నిజమైన క్లెయిమును త్రోసివేయరాదని సుప్రీముకోర్టు 2011 లోనే చెప్పియుండెను. రెండు ఆక్షేపణలును నిలువలేదు.

పరిహారమును కట్టు లెక్క మాకు క్రొత్త. కాలికి వైద్యులు చెప్పిన శాతము ఒకటి, దానివలన సంపాదన తగ్గు శాతము మఱియొకటి. అదే యెముక గుమాస్తాకు విఱిగినచో కొన్ని నెలలకు మరల బల్లయొద్ద కూర్చుండును. మూటలు మోయువానికి జీవనమే పోవును. నెలకు పండ్రెండు వేలు, ఏడాదికి 1,44,000. సంపాదన నూటికి ఇరువదివంతులు తగ్గినచో ఏడాదికి నష్టము 28,800. ముప్పదియాఱు మొదలు నలువది యేండ్లలోపు వారికి దీనిని పదునైదుచే గుణింపవలెనని 2009 లో సుప్రీముకోర్టు ఏర్పఱచినది. 4,32,000 అయినది. వైద్యపు ఖర్చును, బాధకు పరిహారమును, వడ్డీయును వేఱు. మేము వేలిముద్ర వేయించుకొన్నది ఇరువది వేలకు.

ఆ మొత్తములో మే మిచ్చిన దొక పైసయు లేదు. కంపెనీయే చెల్లించినది.

మా దీపమునకు మాత్రము పైసయు రాలేదు. పేరు మాఱినట్లు భావించుట మూడవ పక్షమునకే గాని, స్వవాహన నష్టమునకు కాదు. కొన్నవాడు పదునాలుగు దినములలో కంపెనీకి తెలిపి మార్పించుకొనవలెను. తెలుపని మాకు వారు లేదనిరి, సరిగానే యనిరి. కాలికి పుష్కలముగా నిచ్చి దీపమునకు సున్న చుట్టిన ఆ తీర్పులో చట్టము ఎవరిని ముందు చూచుచున్నదో మాకు తెలిసినది.

మా వీథిలో ఇంకొక భ్రమ కూడ నుండెను. నడిపినవానికి లైసెన్సు లేనిచో గాయపడినవానికి ఏమియు రాదని చాలమంది చెప్పుదురు. 2004 లో సుప్రీముకోర్టు ఇట్టి సందర్భమున కంపెనీ ముందు బాధితునకు చెల్లించి, తరువాత యజమానునినుండి రాబట్టుకొనవచ్చునని చెప్పినది. గుద్దిన బండి యాగక పాఱిపోయినను దారి మూసికొనిపోలేదు. 2022 ఏప్రిలు 1 నుండి అమలైన పథకముక్రింద అట్టి ప్రమాదమున మరణించిన వాని కుటుంబమునకు రెండు లక్షలును, తీవ్రముగా గాయపడిన వానికి ఏబది వేలును లభించును. ఇది పెద్ద మొత్తమని మే మనము. కాని అడుగనివానికి అదియు లేదు.

2020 అక్టోబరు 13 నాటి వానను హైదరాబాదువారు మఱవలేరు. సెల్లారులలో కార్లు తేలినవి. ఠాణా గడప తొక్కవద్దని మాకు బోధించిన ఆ ప్రక్కయింటి పెద్దమనిషి, నీరు తగ్గగానే కారు బాగున్నదా యని తాళము త్రిప్పి చూచెను. ఇంజనులో నిలిచిన నీరు అణగదు గావున, కడ్డీలు వంగి ఇంజను చెడినది. వరద నష్టము పాలసీలో నున్నది. సీట్లకును తీగలకును డబ్బు వచ్చినది. ఇంజను మాత్రము తాళము త్రిప్పుటవలన చెడినది గావున రాదనిరి. దానికి ప్రత్యేకముగా ఇంజను రక్షణ చేర్చుకొనవలెనట. తాళము త్రిప్పక బండిని లాగించుకొనిపోయిన ఎదురింటివారికి ఆ బాధ లేకపోయినది. "ముందే ఎవరైనా చెప్పవద్దా అండీ?" అని ఆయన మాపై కోపించెను. పాలసీలో వ్రాసియున్నదని చెప్పుటకు మాకు ధైర్యము చాలలేదు.

ఆ హమాలీ ఇప్పుడు మూటలు మోయుట లేదు. పరిహారములో కొంత బ్యాంకులో నుంచి, కొంతతో నాంపల్లి స్టేషను దగ్గఱ ఒక చాయ్ బండి పెట్టుకొన్నాడు. కొంచెము కుంటుచు నడుచును. మొన్న మేమటు పోవుచుండగా పిలిచి, గల్లాపెట్టె క్రిందినుండి మడిచిన కాగితమొకటి తీసి యిచ్చి, "మా అన్న కొడుకు ఆటోది సారూ, జర సదివి చెప్పుండ్రి" అనెను. అక్కడనే నిలుచుండి మొదటినుండి చివరవఱకు చదివితిమి. గడువు ముగిసి పదునొకండు దినములైనది. అతడు బండిని భార్య కప్పగించి, ఆ కాగితము తీసికొని, అన్న కొడుకును వెదకుటకు ఆటోల వరుస వైపు పోయెను.