తాళంచెవి పెద్దాడి మెడలో

జూన్ 5, 2025, గురువారం. ఫ్రిస్కో, టెక్సాస్

ఎల్లుండి బయల్దేరాలి. పెద్దాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆర్వీ ఇంటిముందు నిలబడి ఉంది. డ్రైవరు సీట్లోంచి లేచి రెండడుగులేస్తే వంటగది, ఇంకో నాలుగేస్తే పడక. డిక్కీ అంటూ లేదు. బయట పక్కల కింద సామాన్ల అరలున్నాయి, అంతే.

రాత్రి భోజనాల దగ్గర పిస్తోలు వెంట తెస్తానన్నాడు. మా ఆవిడ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నాకు మాత్రం భయం కాదు, ఫైలు గుర్తొచ్చింది. కర్నూలు కలెక్టరేట్‌లో మేజిస్టీరియల్ సెక్షన్ చూసినవాణ్ణి. లైసెన్సు రెన్యూవల్ ఎప్పుడు, ఏ హద్దుల దాకా చెల్లుతుంది, తూటాలెన్ని, ఎన్నికల ప్రకటన రాగానే స్టేషన్లో అప్పజెప్పాడా లేదా. ముందు నోటికొచ్చిన ప్రశ్న అదే: "నీ లైసెన్సు ఎన్ని రాష్ట్రాల్లో చెల్లుతుందిరా?"

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి అసలు లైసెన్సే అక్కర్లేదట. 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డుపడనివాళ్లెవరైనా పిస్తోలు పెట్టుకు తిరగొచ్చట. మరి నువ్వెందుకు లైసెన్సు తీసుకున్నావంటే బడుల సంగతి చెప్పాడు. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకి ఉండకూడదని ఇక్కడి కేంద్ర చట్టం. ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్సుంటే మినహాయింపు. లేకపోతే తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. అంటే టెక్సాస్ పొలిమేర దాటగానే వాడి కాయితం ఆ పనికి చెల్లదు, పెట్టే దిక్కు. హైవే మీద పోతూ పోతూ ఏ చిన్న ఊళ్లో దూరినా రోడ్డు పక్క బడి ఉంటుంది కదా. ఈ మెలిక నాకు నచ్చింది. ఎవరో బుర్ర ఉన్న గుమాస్తా రాసి ఉంటాడు.

ఆ తర్వాత నా సంగతి. "నాన్నా, మీరూ అమ్మా దాన్ని ముట్టుకోకూడదు. తూటా కూడా." విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉంటే నేరం. పదిహేనేళ్ల దాకా జైలు. హెచ్-1బి మీద ఉండి మాతో వస్తున్న మా మేనల్లుడికీ అదే వర్తిస్తుంది. గ్రీన్‌కార్డున్న కోడలికి పరవాలేదు. మేనల్లుడు రాళ్లపల్లి నుంచి అమెరికా వచ్చాక సరదాకి షూటింగ్ రేంజికి వెళ్లొద్దామని ఎవరో పిలిస్తే వెళ్లబోయాడట. అద్దెకిచ్చిన తుపాకి చేత్తో పట్టుకోవడం కూడా అందులోకే వస్తుందని తెలిసి ఆగిపోయాడు. వేట లైసెన్సుంటే మినహాయింపట. కుందేలును కూడా కొట్టని వెధవకి వేట లైసెన్సు!

జూన్ 6, శుక్రవారం. ఫ్రిస్కో

వాడు పిస్తోలు సర్దుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని గజం దూరాన నిలబడి చూశాను. మా అమ్మ మడి కట్టుకున్నప్పుడు మేము నిలబడినంత దూరం.

మూతి గోడవైపు. వేలు ట్రిగ్గరు మీద లేదు, పక్కన ఇనుము మీద చాచి ఉంది. మొదట మేగజైన్ లాగి మంచం మీద పెట్టాడు. అప్పుడు పైన జారే భాగాన్ని వెనక్కి లాగి పట్టి, లోపలికి తొంగిచూసి, చిటికెన వేలు పెట్టి తడిమాడు. వదిలి, మళ్లీ లాగి, మళ్లీ తడిమాడు. మేగజైన్ తీశాం కదా ఖాళీయే అనుకునేవాళ్లే ఎక్కువమంది కాల్చుకుంటారని వాడి మాట. పిస్తోలు లోపలి గదిలో ఒక తూటా మిగిలిపోతుంది. మా ఆఫీసుకొచ్చిన ఒకటి రెండు ప్రమాదాల కాయితాల్లోనూ అదే రాసుండేది, 'ఖాళీ అనుకుని'.

ఉక్కు పెట్టె చిన్నదే. మందపాటి తీగతో మంచం కింది ఇనుప చట్రానికి బిగించాడు. తూటాలకు వేరే పెట్టె, బండికి అటు చివర. తాళంచెవి ఒకటే, దారానికి కట్టి మెడలో వేసుకున్నాడు. ఇంకో చెవి ఇంట్లోనే ఉండిపోతుంది. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వస్తువు వాళ్ల దగ్గరున్నట్టే లెక్కట. వాడు అంగడికి వెళ్లి మేము బండిలో కూర్చున్నా, చెవి మా దగ్గర లేదు కాబట్టి మాకు సంబంధం లేదు. మనవడు ఉన్నాడు కాబట్టి కూడా ఇదే పద్ధతి మేలు. తొమ్మిదేళ్ల వాడికి తెలియని దాపు ఏ ఇంట్లోనూ ఉండదు, ఈ ఇల్లు మరీ చిన్నది.

బండి కాయితాలూ ఇన్సూరెన్సూ ఆ పెట్టె దరిదాపుల్లో పెట్టొద్దన్నాను, వాడికీ ముందే తెలుసు. పోలీసు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడాలి. కాయితాలు నెత్తి మీది సన్‌వైజర్‌లో ఉంటే చెయ్యి ఎక్కడికీ దూరనక్కర్లేదు.

జూన్ 7, శనివారం. అమరిల్లో

287 మీద రోజంతా ఎండ. విచిటా ఫాల్స్ దాటాక పత్తి చేలు, గాలిమరలు, అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదు.

సాయంత్రం ఆర్వీ పార్కులో పక్క బండి ముసలాయన సామాన్ల అర తాళంచెవి పారేసుకుని చుట్టూ తిరుగుతున్నాడు. మావాడు నవ్వుతూ మన సామాన్ల అర చెవి తీసుకెళ్లి తిప్పాడు. తెరుచుకుంది! ఆ చెవి మీద సన్నగా 'సీహెచ్751' అని చెక్కి ఉంది. ఈ దేశంలో లెక్కలేనన్ని ఆర్వీల బయటి అరలకు అదే తాళం వేస్తారట. కంపెనీ వేరైనా చెవి ఒకటే, ఆన్‌లైన్‌లో కొన్ని డాలర్లకు దొరుకుతుంది. 'కింద అరలో పెట్టి తాళం వేశా' అనుకునేవాడు నిజానికి తాళం వెయ్యనట్టే. ఉక్కు పెట్టె లోపలే ఎందుకు బిగించాడో అప్పుడర్థమైంది.

ఇంకో సంగతి. టెక్సాస్ చట్టంలో, కాపురానికి వాడుకుంటున్న ఆర్వీ, అది తాత్కాలికమైనా సరే, సొంత ఇంటి ఆవరణతో సమానమని ఉంది. అంటే ఈ రాత్రి మేము వాడింట్లో ఉన్నాం. తెల్లారి కరెంటు తీగ ఊడదీసి చక్రం కదిలితే? టెక్సాస్‌లో కారుకీ దాదాపు అదే వెసులుబాటు కాబట్టి తేడా పడదన్నాడు. తేడా పడే చోట్లు ముందున్నాయి.

జూన్ 8, ఆదివారం. ట్రినిడాడ్, కొలరాడో

న్యూమెక్సికో మూల కోసుకుంటూ క్లేటన్, రాటన్ మీదుగా కనుమ ఎక్కి దిగాం. కొలరాడోలో 15 తూటాల కంటే ఎక్కువ పట్టే మేగజైన్ 2013 జూలై తర్వాత సంపాదించినదైతే నేరం. వాడి పిస్తోలుతో వచ్చినవి 17వి. అవి ఫ్రిస్కోలోనే వదిలి పది తూటాలవి తెచ్చాడు. ఈ జనవరి నుంచి మనిషి లేని బండిలో పిస్తోలు వదిలితే గట్టి పెట్టెలో తాళం వేసి, కంటికి కనబడకుండా ఉంచాలని కూడా ఇక్కడ చట్టమొచ్చింది. బండ్లలోంచి దొంగిలించిన తుపాకులు ఎక్కడ తేలతాయో మా కాయితాలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

రాత్రి నిద్ర పట్టక ఫోన్లో తీర్పులు చదివాను. పాత రోగం. మొదటిది 1985 నాటి సుప్రీంకోర్టు కేసు, కాలిఫోర్నియా వర్సెస్ కార్నీ. శాన్‌డియాగో ఊరి మధ్య పార్కింగులో నిలిపిన మోటార్‌హోమ్‌లో అధికారులు వారంటు లేకుండా దూరి గంజాయి పట్టుకున్నారు. ఇల్లంటే వారంటు కావాలి, కారంటే అక్కర్లేదు. మరిది? ఆరుగురు జడ్జీలు కారన్నారు, ముగ్గురు కాదన్నారు. తాళం తిప్పితే కదిలిపోయే స్థితిలో ఉంది కాబట్టి కారట. దిమ్మల మీద ఎక్కించి, కరెంటూ నీళ్లూ తగిలించి ఉంటే ఏమిటన్నది ఫుట్‌నోట్‌లో పెట్టి వదిలేశారు. ఈ రాత్రి మా బండికి తీగా ఉంది, గొట్టమూ ఉంది. కింద చక్రాలూ ఉన్నాయి.

రెండోది రెవెల్ అనే యూటా రాష్ట్రపు మనిషిది. 1986 నాటి కేంద్ర చట్టం ప్రకారం, బయల్దేరే చోటా చేరే చోటా తుపాకి ఉంచుకునే హక్కుంటే మధ్యలో ఏ రాష్ట్రంలోంచైనా దాటుకుపోవచ్చు. షరతులేమంటే, తూటాలు తీసి ఉండాలి, తుపాకీ తూటాలూ కూర్చున్నచోటినుంచి అందకూడదు. డిక్కీ లేని బండైతే తాళం పెట్టెలో పెట్టాలి. గ్లవ్‌బాక్సు, సీట్ల మధ్య అర పెట్టెకింద లెక్క రావు. రెవెల్ 2005లో పెన్సిల్వేనియాకి పోతూ న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో విమానం అందుకోలేకపోయాడు. పెట్టె తీసుకుని హోటల్లో పడుకున్నాడు. పొద్దున్నే విమానాశ్రయంలో నిబంధన ప్రకారం తుపాకి ఉందని తానే చెప్పాడు. అరెస్టు చేశారు. కేసు కొట్టేశాక నష్టపరిహారానికి దావా వేస్తే 2010లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. రాత్రి హోటల్లో అది అతని చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఆ చట్టం కాపాడదంది. దాటుకుపోవడం వేరు, బస వేరు. ఆర్వీ ఉన్నదే బస చెయ్యడానికి! తూర్పు తీరం వైపు ఈ బండిలో ఇది పెట్టుకుని వెళ్లొద్దని పొద్దున వాడికి చెప్పాలి.

జూన్ 10, మంగళవారం. కోడీ, వయోమింగ్

విండ్ రివర్ కనుమలో రోడ్డు షోషోనీ, అరాపహో తెగల రిజర్వేషన్లోంచి పోతుంది. తెగల నేలమీద వాళ్ల చట్టం వాళ్లది, రాష్ట్రం మాట అక్కడ ఆఖరి మాట కాదు. అందుకే షోషోనీ ఊరి దగ్గర పెట్రోలు కొట్టించుకున్నప్పుడే పెట్టె తాళం మరోసారి లాగి చూసుకున్నాడు. వయోమింగ్ మాత్రం 2021 నుంచి ఇతర రాష్ట్రాలవాళ్లకీ లైసెన్సు లేకుండానే అనుమతిస్తోంది.

ఇక్కడ బఫెలో బిల్ సెంటర్‌లో తుపాకుల మ్యూజియం ఉంది. అద్దాల వెనక వరసలు వరసలుగా వించెస్టర్లు. చూడడానికి వీసా అడ్డం రాదు కాబట్టి తీరిగ్గా చూశాను. మా ఆవిడ కాఫీ దగ్గరే కూర్చుంది.

మధ్యాహ్నం బండిలో పడుకుని గోడను వేలితో తట్టాను. పల్చటి ఫైబర్ రేకు, నురగ, లోపల ప్లైవుడ్. పెద్దాణ్ణి అడిగాను, ఇందులోంచి కాలిస్తే? మన గోడ, పక్క బండి గోడ దాటి దానవతలికీ పోతుందన్నాడు. పక్క బండి ఇరవై అడుగుల్లో ఉంది, దాని కిటికీలో పసిపిల్లల బొమ్మలు వేలాడుతున్నాయి. బయట గ్యాసు సిలిండర్లు. ఇక ఏ దొంగ వస్తే ఎటువైపు కాలుస్తావురా అంటే నవ్వి ఊరుకున్నాడు. జవాబు లేదు వాడి దగ్గర. ఆ క్షణంలో చెయ్యాల్సిన పని డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పడమేనని నా ఉద్దేశం. నడిచే ఇంటికి అదే కదా సుఖం. వాడు ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.

జూన్ 11, బుధవారం. ఎల్లోస్టోన్, ఫిషింగ్ బ్రిడ్జ్

ఇక్కడి ఆర్వీ పార్కులో గుడ్డ గోడల బండ్లకీ డేరాలకీ చోటు లేదు. గట్టి గోడలుంటేనే రానిస్తారు. గ్రిజ్లీ ఎలుగుల తావు ఇది.

2010 ఫిబ్రవరి 22 నుంచి నేషనల్ పార్కుల్లో ఏ రాష్ట్రం నేల మీద ఉంటే ఆ రాష్ట్రం చట్టం ప్రకారం తుపాకి ఉంచుకోవచ్చు. ఈ పార్కు వయోమింగ్, మోంటానా, ఐడహో మూడింటిలోనూ పరుచుకుని ఉంది. ఉంచుకోవచ్చు గానీ పేల్చకూడదు! విజిటర్ సెంటర్ తలుపు మీదే తుపాకులకు ప్రవేశం లేదని అంటించారు, అది కేంద్ర ప్రభుత్వ భవనం కాబట్టి. మరెందుకు తెచ్చినట్టు అని మేనల్లుడు అడిగితే పెద్దాడికి కోపమొచ్చింది.

రేంజర్లు చెప్పేది బేర్ స్ప్రే. మిరపకారం సారం నింపిన డబ్బా. నడుముకి కట్టుకోవాలి, సంచిలో కాదు. మేనల్లుడు ఒకటి, కోడలు ఒకటి కట్టుకున్నారు. దీనికి వీసా అడ్డం లేదు. దాన్ని బండి డాష్‌బోర్డు మీద వదిలితే నేను అరిచాను. 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే పేలొచ్చని డబ్బా మీదే రాసుంది. ఈ గదిలో అది పేలితే గుంటూరు మిర్చి యార్డుకి అలవాటుపడ్డవాళ్లు కూడా నిలవలేరు.

ఎలుగు కనపడలేదు. దున్నలు కనపడ్డాయి, బండికి అడ్డంగా, తీరిగ్గా.

జూన్ 13, శుక్రవారం. వెస్ట్ ఎల్లోస్టోన్, మోంటానా

ఇంత దూరం వచ్చాం కదా, పైకెళ్లి కెనడాలో బాన్ఫ్ చూసొద్దామంది కోడలు. పెద్దాడు తల అడ్డంగా ఊపాడు. కెనడాలోకి వేట రైఫిలైతే సరిహద్దులో రాసిచ్చి, రుసుము కట్టి తీసుకెళ్లొచ్చు. పిస్తోలు సంగతి వేరు, అడగడం కూడా దండగన్నాడు. చెప్పకుండా పట్టుకెళ్తే బండీ పోతుంది, మనిషీ లోపలికి పోతాడు.

మా ఆవిడ సులువుగా తేల్చేసింది. "మాకెటూ కెనడా వీసా లేదు. మీరు ముగ్గురూ కారు అద్దెకు తీసుకుని వెళ్లిరండి. మేమూ మేనల్లుడూ బండిలో ఉంటాం."

బాగానే ఉంది. కెనడా వెళ్లగలిగినవాళ్లు దాన్ని తీసుకెళ్లకూడదు. ఇక్కడ ఉండిపోయేవాళ్లం ముగ్గురం దాన్ని ఉంచుకోకూడదు. చెవి వాడి మెడలోనే కెనడా వెళ్తుంది కదా అని మేనల్లుడు వాదించాడు. పరాయి దేశంలో యజమాని, ఇక్కడ వీసాలవాళ్లతో పెట్టె, ఏ పోలీసుకి ఈ కథ చెబుతావని నేను. ఊళ్లో లైసెన్సున్న తుపాకుల కొట్టువాడు దాచిపెడతాడేమో అడగాలని పెద్దాడు. దాని కోసం ఒక పూట, తిరిగి తీసుకోవడానికి ఇంకో పూట. కోడలు వింటూ వింటూ ఫోన్లో గ్రాండ్ టీటన్ ఫొటోలు చూడడం మొదలుపెట్టింది.

రేపు దక్షిణానికి, జాక్సన్ మీదుగా. పెట్రోలు నిండుగా కొట్టించాలి. పెరుగు అయిపోయింది.