కోటు కొనేముందు భుజం చూసుకోండి

ఈ ఏడు ఉత్తరాదికి పైచదువులకి పోతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

మాది పామర్రు పక్కన పల్లె. యానాదులం. మా వైపు చలంటే సంక్రాంతి ముందు తెల్లారగట్ట పడే మంచే. తలకి తువ్వాలు చుట్టుకుంటే సరిపోద్ది. ఇంట్లో ఎవరికీ కోటు లేదు. అమర్‌కంటక్‌లోని ఇందిరా గాంధీ జాతీయ గిరిజన విశ్వవిద్యాలయంలో నాకు సీటొచ్చినప్పుడు ఒక సీనియర్ అన్న ఫోన్ చేసి, "పుస్తకాలు ఇక్కడ దొరుకుతాయిరా, కోటు మాత్రం తెచ్చుకో" అన్నాడు. అది మైకల్ కొండల ప్రాంతం. జనవరిలో కొన్ని రోజులు పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటది.

నాన్నా నేనూ బెజవాడ వెళ్ళాం. రోడ్డు పక్కన స్వెటర్లు, కోట్లు అమ్ముతున్నారు. నాన్న అన్నిటికంటే పెద్దది పట్టుకున్నాడు. "నాలుగేళ్ళు వచ్చిద్ది, తర్వాత తమ్ముడేసుకుంటాడు" అన్నాడు. ఆ మాటలో తప్పేం లేదు. మన ఇళ్ళల్లో బట్ట కొనేది ఒక్కరి కోసం కాదు కదా. అది తొమ్మిది వందలు. ఆయనకి రెండు మూడు రోజుల కష్టం.

వేసుకుని చూపించాను. చేతులు వేళ్ళ దాకా దిగినయి. నడుం దగ్గర రెండు పిడికిళ్ళు దూరేంత ఖాళీ. మా నాన్న చేలల్లో ఎలకలు పట్టే మనిషి. బొరియ కన్నాలన్నీ ముందు మట్టితో మూసి, ఒక్కదాంట్లోంచే కుండతో పొగ ఊదుతాడు. "నాన్నా, కోటు వేడి పుట్టించదు, మన ఒంటి వేడినే లోపల ఆపుద్ది. కన్నాలు వదిలేస్తే నీ పొగ నిలబడుద్దా?" అన్నాను. ఆయన కాసేపు నా వంక చూసి, పెద్దది వెనక్కిచ్చేసి, "వీడికి పట్టేది చూపించండి" అన్నాడు.

కాబట్టి కొనేటప్పుడు లోపల స్వెటర్ వేసుకునే కోటు తొడిగి చూడండి. భుజం కుట్టు మీ భుజం చివరే ఉండాలి. చెయ్యి పైకెత్తితే మణికట్టు మరీ బయటపడకూడదు, వంగితే నడుం కనపడకూడదు. జిప్పు మెడదాకా వేసి ఊపిరి పీల్చండి. బిగిస్తే వద్దు, లోపల గాలి పొర నిలవకపోతే వెచ్చదనం ఉండదు.

"మీవాళ్ళు ఎండకీ చలికీ తట్టుకుంటార్లే" అని బయటివాళ్ళు మెచ్చుకున్నట్టే అంటారు. ఆ మాటకి పొంగిపోవద్దు. మన మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ళకే ఎవరెస్ట్ ఎక్కింది. ధైర్యం ఆమెదే, కానీ ఆ చలికి తగ్గ శిక్షణ, తగ్గ బట్టలు లేకుండా ఎవరూ అక్కడిదాకా పోలేరు. వణుకుతూ కూర్చుంటే పాఠం తలకెక్కదు. చలికి తాళలేక చదువు మధ్యలో వదిలి ఇంటికి రావద్దు.

చదువు అయిపోయిన అన్నలకీ అక్కలకీ ఒక మాట. మీ కోటు పెట్టెలో పడుంటే ఇక్కడ పోస్ట్ పెట్టండి. ఎల్, ఎమ్ అని రాస్తే చాలదు, భుజం ఎన్ని అంగుళాలో, చెయ్యి ఎంత పొడవో కొలిచి రాయండి. ఎవరికి పడితే వాళ్ళకి కాదు, ఎవరికి సరిపోతే వాళ్ళకి చేరాలి.