చుక్కలెన్నో కూడా చెప్పండి

ఇలా మంటకి కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. భోగి మంట వేసి గంట దాటింది. పిడకల దండలు కాలిపోయి ఎర్రటి నిప్పు మిగిలింది, చలి కాచుకోవడానికి ఇదే అసలు అదను. అటు చూడండి, వీధి పొడుగునా ఆడవాళ్లు కల్లాపి చల్లి ముగ్గుల మీదికి వంగారు. ఇంటింటి ముందూ ఒక ఫోన్ లైటు వెలుగుతోంది. ముగ్గు పూర్తయిన మరుక్షణం ఫొటో తీస్తారు, గొబ్బెమ్మలు పెట్టేలోపే అది స్టేటస్‌లోకి ఎక్కుతుంది.

దీన్ని తప్పుపట్టే పెద్దలున్నారు. నేను మాత్రం వాళ్ల పక్షం కాదు. పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి బళ్ల చక్రాల కింద చెరిగిపోతుంది. అంత పనితనం వీధి దాటకుండానే మట్టిలో కలిసిపోయేది. ఇప్పుడది సముద్రాలు దాటి వెళుతోంది, సంతోషమే కదా! కాకపోతే ఫొటోతో పాటు వెళ్లాల్సింది ఇంకొకటి ఉంది. అది నిరుడు నాకు తెలిసొచ్చింది.

నిరుడు మా పెద్దమ్మ పద్మం ముగ్గు వేసింది, చుట్టూ ఆరు చిలకలు. ఫొటో తీసి మా ఇంటి గ్రూపులో పెట్టాను. డాలస్‌లో ఉన్న మా అక్క కూతురికి అది తెగ నచ్చేసింది. అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు సుద్దముక్కతో వేద్దామని ఫోన్ చేసింది.

“పిన్నీ, ఎన్ని చుక్కలు?”

రంగుల సందుల్లో కనిపించినంత మేరకు నడిమి వరుస లెక్కపెట్టి పదిహేనని చెప్పాను. రెండు గంటలకి మళ్లీ ఫోను. “పదిహేను పెట్టి ఒకటి దాకా దించాను పిన్నీ. నాకు నాలుగు చిలకలే వస్తున్నాయి.”

పాపం, దాని తప్పేమీ లేదు. నేనే సగం లెక్క చెప్పాను. ఎదురు చుక్క పెడితే పదిహేను తర్వాత 13, 11 అంటూ ఒకటి దాకా దిగుతుంది. నాలుగు మూలలొస్తాయి, మొత్తం 113 చుక్కలు. సందు చుక్క పెడితే 15, 14, 13 అంటూ 8 దగ్గర ఆగుతుంది. ఆరు మూలలొస్తాయి, మొత్తం 169. నేను గుమ్మంలో నిలబడి ఏటవాలుగా తీయడంతో అవతలి వరుసలు దగ్గరికి ముడుచుకుపోయాయి, ఆరు మూలల ఆకారం తెలియలేదు. పెద్దది చేసి చూస్తే అంతా మసక. వాకిట్లో చూద్దామంటే అప్పటికే ముగ్గు చెరిగిపోయింది.

పెద్దమ్మని అడిగితే బీరువాలోంచి పొడుగాటి నోటుబుక్కు తీసింది. అట్ట ఊడిపోయి దారంతో కుట్టి ఉంది, అంచుల్లో పసుపు వేళ్ల మరకలు. పెన్సిలుతో చుక్కలు, వాటి మీద సిరా గీతలు. ప్రతి ముగ్గు కిందా లెక్క రాసుంది: “15-8 సందు.” పక్కనే ఇంకో మాట, “చెరువుగట్టు అత్తయ్య దగ్గర.” అంటే, ఆ ముగ్గు ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా రాసుకుంది. పేజీ పేజీకీ ఒక అత్తయ్యో, వదినో, పక్కింటి పిన్నిగారో.

హైదరాబాద్ నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ 1905లో పోయారు. ఆయన ఫొటోలు చాలావాటి మీద నంబరు, చోటు పేరు ఉంటాయి. అందుకే అది ఏ కోటో, ఏ మహలో ఇవాళ మనం చెప్పగలుగుతున్నాం. పెద్దమ్మ నోటుబుక్కుదీ అదే పద్ధతి. బొమ్మ ఎక్కడికెళ్లినా దాని ఊరూ పేరూ దాన్ని అంటిపెట్టుకునే ఉండాలి. మన ఫోన్లలో తిరిగే ముగ్గులకి అదే కరువైంది. “ఎంత బావుందో” అంటూ పదిమంది పంపుకుంటారు, వేసిన చెయ్యి ఎవరిదో పదకొండోవారికి తెలియదు.

ముగ్గులో లెక్క ఎంత గట్టిదంటే, 1970లలో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ తమిళుల కోలాల మీద కంప్యూటర్ శాస్త్రంలో పరిశోధనే చేశారు. చుక్కల చుట్టూ మెలిక తిరిగే గీతకి ఒక వ్యాకరణం ఉందని చూపించారు. మన మెలిక ముగ్గుదీ అదే కుటుంబం.

మీరూ తీస్తారు కదా, ఒక మాట చెప్తాను. దాబా ఎక్కి నిట్టనిలువుగా కిందికి తీయండి. దాబా లేకపోతే కుర్చీ ఎక్కినా చాలు. ఎండ వెనక నుంచి పడితే మీ నీడ ముగ్గులోకొస్తుంది, పక్కకి జరగండి. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపితే ఫొటో తగ్గకుండా వెళుతుంది, ఎంత పెద్దది చేసినా చుక్క చుక్కలాగే ఉంటుంది. అయితే అలా పంపినప్పుడు తీసిన చోటు వివరం కూడా ఫైలుతో పాటే వెళ్లొచ్చు. బయటివాళ్లకి పంపేదైతే కెమెరాలో లొకేషన్ ముందే ఆపేయండి, మీ ఇంటి గుమ్మం కదా అది.

అన్నిటికన్నా ముందు, చుక్కలు పెట్టగానే ఒక ఫొటో తీయండి. గీతా రంగూ ఏదీ పడకముందే.

ఇందాక అదే చేశాను. తడి నేల మీద 169 తెల్లటి చుక్కలు పెట్టి, ముగ్గుపిండి పిడికిట్లో పట్టుకుని పెద్దమ్మ మొదటి గీతకి వంగబోతోంది. “ఒక్క నిమిషం ఆగు పెద్దమ్మా” అన్నాను.

“ఇంకా ముగ్గే వెయ్యలేదు, ఏం తీస్తావే?” అంది.

తీసి, కింద “15-8 సందు, పెద్దమ్మమ్మ చెయ్యి, చెరువుగట్టు అత్తయ్య దగ్గర నేర్చింది” అని రాసి పంపాను. డాలస్‌లో ఇంకా నిన్నటి సాయంత్రమే. మా పిల్ల సుద్దముక్క పట్టుకుని గుమ్మంలో కూర్చుందట.